పక్షవాతం లెక్కలో క్యాల్షియం: తిండిది వేరు, మాత్రది వేరు

క్యాల్షియం బాగా తీసుకుంటే పక్షవాతం ముప్పు తగ్గుతుందన్న మాట తరచూ వినిపిస్తుంటుంది. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే ఆ నిజం ప్రధానంగా వర్తించేది తిండిలో క్యాల్షియం చాలని వారికి, అదీ ఆహారం ద్వారా ఆ కొరత తీరినప్పుడు. ఈ రెండు షరతులనూ వదిలేసి మాత్రల డబ్బా కొనుక్కోవడమంటే పరిశోధనలు అనని మాటను వాటి నోట పలికించడమే.

అమెరికాలో సుమారు 86 వేల మంది నర్సులను 1980 నుంచి 14 ఏళ్లపాటు గమనించి 1999లో వెలువరించిన అధ్యయనాన్నే చూడండి. క్యాల్షియం అందరికంటే ఎక్కువగా తీసుకున్న ఐదో వంతు మందిలో, అతి తక్కువగా తీసుకున్న ఐదో వంతు కంటే, మెదడు రక్తనాళంలో అడ్డంకి వల్ల వచ్చే పక్షవాతం దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది. పతాక శీర్షికలకు ఎక్కేది ఈ అంకె. నా దృష్టిలో అంతకంటే విలువైన సంగతి ఆ ఫలితాల్లోనే ఉంది: ముప్పు ఎక్కువగా కనిపించింది క్యాల్షియం అతి తక్కువగా తీసుకున్న ఐదో వంతులో మాత్రమే, రోజుకు దాదాపు 600 మిల్లీగ్రాములు దాటాక అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. అంటే అక్కడ కనిపించింది లోటు వల్ల కలిగే నష్టమే తప్ప, మోతాదు పెంచేకొద్దీ పెరిగే రక్షణ కాదు.

పైగా పాల ద్వారా అందిన క్యాల్షియానికే ఈ సంబంధం బలంగా కనిపించింది. పాలలో పొటాషియం, మెగ్నీషియం, మాంసకృత్తులు కూడా ఉంటాయి కనుక ఘనత అంతా క్యాల్షియానికే కట్టబెట్టడం తొందరపాటు.

ఈ సంబంధానికి కారణం బొత్తిగా లేకపోలేదు. క్యాల్షియం చాలనప్పుడు, రక్తంలో దాని స్థాయిని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, దాని ప్రభావంతో రక్తనాళాల గోడల్లోని కండర కణాలు బిగుసుకుని రక్తపోటు పెరగవచ్చని ఒక వివరణ. పక్షవాతానికి అతి పెద్ద కారణం రక్తపోటే. అయితే ప్రయోగాల్లో అదనపు క్యాల్షియం వల్ల రక్తపోటులో పై అంకె తగ్గింది సగటున ఒకటి రెండు పాయింట్లే.

మాత్రల విషయానికొస్తే, 36 వేలకు పైగా మహిళలకు రోజూ 1000 మిల్లీగ్రాముల క్యాల్షియాన్నో, అదే రూపంలో ఉన్న ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి ఏడేళ్లు చూసిన అమెరికా ప్రయోగంలో పక్షవాతం తగ్గనూ లేదు, పెరగనూ లేదు. ఆ క్యాల్షియానికి విటమిన్ డి కూడా జతచేశారు. 2010లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ పరిశోధకులు పలు ప్రయోగాలను కలిపి విశ్లేషించి, మాత్రలు వాడినవారిలో గుండెపోటు సుమారు 30 శాతం ఎక్కువని లెక్కతేల్చారు. దానిపై వాదోపవాదాలు ఇంకా ఆగలేదు. మాత్ర మింగాక రక్తంలో క్యాల్షియం ఒక్కసారిగా పెరిగి కొన్ని గంటలు అలాగే ఉంటుందని, భోజనంతో వచ్చేది మెల్లగా ఒంటికి పడుతుందని వారి వివరణ.

ఎముకలు గుల్లబారినవారికి వైద్యులు రాసే మాత్ర సంగతి వేరు, దాని పని వేరు. అది వాడేవారైనా ముందు తిండిలో ఎంత అందుతోందో చూసుకుని, తక్కువపడినంతే మాత్రతో పూడ్చుకోవాలి. డబ్బాపై 1250 మిల్లీగ్రాముల క్యాల్షియం కార్బొనేట్ అని ఉంటే అందులో అసలు క్యాల్షియం 500 మిల్లీగ్రాములే.