ఐ7 లేకుంటే ఫోటోషాప్ నడవదా?

పెళ్లిళ్ల సీజన్ వస్తుందంటే చాలు, మన ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుడు మొదలవుతుంది. హన్మకొండ గ్రూపులో చూశా, జనగామ గ్రూపులో చూశా, పోయిన వారం మంచిర్యాల నుంచి మా బావమరిది కూడా అదే పంపి "బావా, నిజమేనా?" అన్నాడు. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, పంపేవాళ్లు మాత్రం వందమంది. అందులో ఉన్నదిదీ: ఫోటో ఎడిటింగ్‌కు ఐ7 (ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్, కంప్యూటర్‌కు మెదడు లాంటిది) తప్పనిసరి, పాతదైనా సరే ఐ7నే కొనాలి. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, అంటే స్క్రీన్ మీద బొమ్మల పని చూసే కార్డు, లేకుంటే ఫోటోషాప్ నడవదు. ర్యామ్ (తెరిచిన ఫైళ్లు పని అయ్యేదాకా ఉండే మెమరీ) 8 జీబీ చాలు. మానిటర్ ఏదైనా ఒక్కటే, ఇంట్లో టీవీ ఉంటే అదే తగిలించుకోవచ్చు. చివరగా, లక్షలోపు సిస్టం కొంటే పైసలు బూడిదలో పోసినట్టే.

పన్నెండేళ్లుగా ఆల్బమ్ డిజైనింగ్ మీదే బతుకుతున్నా కాబట్టి చెప్తున్నా, ఇందులో సగం గేములాడే పిల్లల దగ్గర విన్న మాటలు, మిగతా సగం పాత సరుకు వదిలించుకునే షాపువాళ్ల మాటలు.

ముందు ఐ7 సంగతి. ఐ7 అనేది పేరు మాత్రమే, దాని వెనకాల ఉన్న నంబర్ చూడాలి. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా అంటగట్టే ఐ7-3770 ఉంది కదా, అది 2012లో వచ్చింది. నాలుగు కోర్లు, అంటే లోపల పనిచేసే చేతులు నాలుగన్నమాట. 2022లో వచ్చిన ఐ3-12100కు కూడా నాలుగు కోర్లే, కానీ పనిలో ఆ పాత ఐ7 కంటే చాలా ముందుంటుంది. ఐ5-12400కు ఆరు కోర్లు, అది ఇంకో మెట్టు పైన. పైగా ఆ పాత ఐ7ల మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే ఎక్కుతుంది, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. అంటే కొన్నరోజే ముసలిదాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టు. నాకు తెలిసిన ఒకాయన కేబినెట్ మీద తళతళలాడే ఐ7 స్టిక్కర్ చూసి కొనేశాడు, తీరా ఇంటికొచ్చి సిస్టం ప్రాపర్టీస్ తెరిస్తే లోపలున్నది ఐ5, అదీ మూడో జనరేషన్. షాపులోనే స్క్రీన్ మీద 'దిస్ పీసీ' మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే అర నిమిషం పని. స్టిక్కర్ ఎవడైనా అతికిస్తాడు.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో కొంచెం నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ ఉంది చూడండి, రాత్రి బరాత్‌లో ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే శక్తి) బాగా పెంచి తీసిన ఫోటోల్లో గింజల్లాంటి చుక్కలు తీసేసేది, అది మొత్తం కార్డు మీదే ఆధారపడుతుంది. మంచి కార్డుంటే ఒక్కో ఫోటోకు సెకన్లు, ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్స్ మీదైతే నిమిషాలు. పెళ్లికి రెండు వందల ఫోటోలు అలా చేసేవాళ్లు, వీడియో కూడా కట్ చేసేవాళ్లు కార్డు కొనుక్కోవాలి, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ మనలో ఎక్కువమంది చేసేదేంటి? ఎక్స్‌పోజర్ సరిచేయడం, మొటిమలు తీయడం, మాస్క్ చేసి బ్యాక్‌గ్రౌండ్ మార్చడం, షీట్లు పేర్చడం. వీటికి ఐ5-12400లో ఉండే గ్రాఫిక్స్‌తోనో, ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీలో ఉండేదానితోనో పని నడిచిపోతుంది. ఈ మెసేజ్ చదివి భయపడి, పైసలు చాలక, ఏదో ఒక కార్డు ఉండాలని జీటీ 710 లాంటి పాత చవక కార్డు వేయించుకున్నవాళ్లున్నారు. ఇప్పటి ప్రాసెసర్‌లో ఊరికే వచ్చే గ్రాఫిక్స్ కంటే అది గొప్పేమీ కాదు. ఇంకోటి, నంబర్ చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లో, అంటే 12400ఎఫ్ లాంటిదాంట్లో, గ్రాఫిక్స్ ఉండవు. వెయ్యి రెండు వేలు తగ్గుతుందని అది తీసుకుని కార్డు వేయకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు.

ఇక ర్యామ్. ఈ మెసేజ్‌లో నాకు ఒళ్లు మండేది ఇక్కడే, ఎందుకంటే ఖర్చు పెట్టక్కర్లేని చోట పెట్టమని చెప్పి, పెట్టాల్సిన చోట చాలు అన్నారు. లెక్క మీరే చూసుకోండి. ఫోటోషాప్‌లో 12×36 ఆల్బమ్ షీట్ 300 డీపీఐలో కొత్తది తెరవండి. కింద ఎడమ మూలన డాక్యుమెంట్ సైజ్ చూస్తే 111.2 ఎం అని కనిపిస్తుంది. అది ఖాళీ షీట్, 8 బిట్‌లో. ఇప్పుడు దాని మీద బ్యాక్‌గ్రౌండ్, పూల బోర్డర్, అమ్మాయి క్లోజప్, తలంబ్రాల ఫోటో, నీడలు, మాస్కులు ఒక్కోటీ పేర్చుకుంటూ పోతే అది ఎక్కడికి పోతుంది? దీనికి తోడు 24 మెగాపిక్సెల్ రా ఫైల్ (కెమెరా నుంచి వచ్చే అసలు ఫైల్) ఒకటి 16 బిట్‌లో తెరిస్తే అదొక్కటే దాదాపు 137 ఎంబీ. విండోస్, బ్రౌజర్, వాట్సాప్ తినేది వేరే. 8 జీబీ అనేది ఫోటోషాప్ తయారుచేసే అడోబీ చెప్పే కనీసం, వాళ్లే 16 ఉంటే మేలంటారు. ర్యామ్ నిండాక ఫోటోషాప్ ఏం చేస్తుందంటే, మిగిలింది డిస్క్ మీద రాసుకుంటుంది. ఆ డిస్క్ పాత తిరిగే హార్డ్ డిస్క్ అయిందా, ఇక లేయర్ కదిపిన ప్రతిసారీ ఆ నీలం చక్రం చూస్తూ చాయ్ తాగాల్సిందే. మనవాళ్లు అప్పుడు ప్రాసెసర్‌ను తిడతారు, పాపం దాని తప్పేమీ ఉండదు.

కాబట్టి 16 జీబీ. చవక బోర్డుల్లో ర్యామ్ స్లాట్లు ఎక్కువగా రెండే ఉంటాయి, అందుకే నేనైతే రెండు ఎనిమిదులు కాకుండా ఒకే 16 స్టిక్ వేసుకుని, సీజన్ పైసలు చేతికొచ్చాక రెండోది కలుపుతా. జంటగా వేస్తే లోపలి గ్రాఫిక్స్ కొంచెం చురుగ్గా ఉంటాయి, నిజమే, కానీ షీట్లు చేసేటప్పుడు నాకు ఆ తేడా పెద్దగా తెలియలేదు. విండోస్, ఫోటోషాప్, ఈ వారం పెళ్లి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మీద. అయిపోయిన పెళ్లిళ్లు హార్డ్ డిస్క్ మీద, అదీ రెండు కాపీలు.

మానిటర్ ఏదైనా ఒక్కటే అన్నవాడికి బతుకమ్మ ఫోటో ఒకటి పంపాలని ఉంది. తంగేడు పూల పసుపు, రంగు అద్దిన గునుగు గులాబీ, ఇవి నాసిరకం స్క్రీన్ మీద రేకులు రేకులుగా కనిపించవు, ఒకే ముద్దలా కనిపిస్తాయి. హల్దీ ఫోటోల్లో అయితే మొహానికి పూసిన పసుపేదో, చర్మం రంగేదో తెలియక మనం పసుపు లాగేస్తాం, ప్రింట్‌లో పెళ్లికూతురు జబ్బుపడ్డట్టు వస్తుంది. నాకూ తగిలింది దెబ్బ. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర తీసిన ప్రీ వెడ్డింగ్ ఆల్బమ్, అమ్మాయిది మెరూన్ పట్టు చీర. నా స్క్రీన్ మీద అంచు జరీ దాకా మెరుస్తోంది. ప్రింట్ వచ్చాక చూస్తే చీర నల్లగా, జరీ మట్టిరంగు. ల్యాబ్‌తో గొడవపడ్డా, తప్పు నాదే. పాత మానిటర్ బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టుకుని కూర్చున్నా. ఆ షీట్లన్నీ నా జేబులోంచి మళ్లీ కొట్టించా.

కొనేటప్పుడు చూడాల్సింది ఐపీఎస్ ప్యానెలా (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం స్క్రీన్) కాదా, ఎస్ఆర్‌జీబీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) దాదాపు నూరు శాతం ఉందా అని. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (అదీ రంగుల కొలతే, 45 అంటే తక్కువ) అని ఉంటే ఫోటో పనికి వద్దనే చెప్తా. షాపులో ఒక మొహం ఫోటో నిండుగా పెట్టి, లేచి నిలబడి చూడండి, మళ్లీ వంగి కింది నుంచి చూడండి, రంగు మారిందంటే పక్కకు పెట్టేయండి. ఇంటికొచ్చాక ల్యాబ్‌లో కొట్టించిన 4×6 ప్రింట్ ఒకటి పగటి వెలుతురులో మానిటర్ పక్కన పట్టుకుని, రెండూ ఒకేలా అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ కొనే స్తోమత ఉంటే మంచిదే, లేనివాళ్లకు ఇదే మార్గం. టీవీ అయితే ఫోటోను చూడముచ్చటగా చేసి చూపించడానికి రంగులు పెంచి, అంచులు పదును పెట్టి మనల్ని మోసం చేస్తుంది. కస్టమర్‌కు చూపించడానికి పెట్టుకోండి, ఎడిటింగ్‌కు వద్దు.

లక్ష దగ్గరికి వద్దాం. 2024 దసరా ముందు పరకాలలో స్టూడియో పెట్టిన మా తమ్ముడికి సిస్టం కట్టించా. ఐ5-12400, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్, 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్, అన్నీ కలిపి 55 వేలు దాటలేదు. ఇప్పుడు అదే రేటుకు వస్తుందని అనను, ర్యామ్ ధరలు కుదురుగా ఉండవు, కొనే రోజు నాలుగు షాపులు తిరగాల్సిందే. ఆ సిస్టం మీద రెండు సీజన్లు చేశాడు, షీట్ తిరగడం లేదని ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

కట్టించే రోజు మాత్రం గొడవపడ్డాడు. కేబినెట్‌లో రంగురంగుల లైట్ల ఫ్యాన్లు కావాలట. ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆ లైట్లు దేనికిరా అని, ఆ పైసలకు ఇంకొంత కలిపి యూపీఎస్, పేరున్న కంపెనీ ఎస్ఎంపీఎస్ (సిస్టం భాగాలకు కరెంటు అందించే డబ్బా) పెట్టించా. నెల రోజులు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత మే నెలలో గాలివాన వచ్చి, సేవ్ చేయని షీట్ తెరిచి ఉండగా కరెంటు పోయిందట. యూపీఎస్ కూ కూ అంటుంటే సేవ్ కొట్టి, నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆ లైట్ల ఫ్యాన్లు ఇప్పుడైనా వేయించుకోవచ్చా?"