57 సెకన్లు, 21 రోజుల అంట్లు

మూడు వారాల సైకిల్ రేసులో గెలిచేదెవరో చెప్పడం పెద్ద కష్టం కాదని నా నమ్మకం. కొండలెక్కాలి, టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రోజు) కొట్టాలి, వెనక గట్టి టీమ్ ఉండాలి. ఈ లెక్కన 2020 టూర్ డి ఫ్రాన్స్ స్లొవేనియా రైడర్ రోగ్లిచ్‌దే అన్నాను. సైకిల్‌కి బ్రేకులుంటాయని తప్ప ఇంకేమీ తెలియని మా బావమరిది తెర మీద ఒకణ్ణి చూపించి, "ఆ కుర్రాడెవరు బావగారూ?" అన్నాడు.

"పొగాచర్. ఇంకా 22 నిండలేదు, ఇదే మొదటి టూర్."

"అయితే నా పందెం వాడి మీదే."

ఓడినవాళ్లు స్టేజీకి (అంటే ఒక రోజు రేసుకి) ఒక రోజు చొప్పున 21 రోజులు అంట్లు తోమాలి. షరతు నాదే, ఎవరినీ అనడానికి లేదు.

ఏడో స్టేజీలో పక్కగాలికి గుంపు ముక్కలై, పొగాచర్ 1 నిమిషం 21 సెకన్లు పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి బావమరిదికి అంట్ల పీచు ఎక్కడుంటుందో చూపించాను.

20వ స్టేజీ 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, చివర్లో కొండ. అప్పటిదాకా మొత్తం సమయంలో పొగాచర్ కంటే రోగ్లిచ్ 57 సెకన్లు ముందున్నాడు. మర్నాడు పారిస్‌కి వెళ్లే చివరి స్టేజీ దాదాపు ఊరేగింపే. ఇంక టెన్షన్ దేనికని కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

కొండ మొదలయ్యేసరికే ఆ సెకన్లు కరిగిపోతున్నాయి. రోగ్లిచ్ హెల్మెట్ ఎవరినో అడిగి తెచ్చుకున్నదానిలా ఒక పక్కకి ఒరిగింది. అతనిది సరవుతుందేమోనని ఇక్కడ నేను నా జుట్టు సర్దుకున్నాను. కాలేదు. ఆ ఒక్క స్టేజీలోనే 1 నిమిషం 56 సెకన్లు పోయాయి, మొత్తం మీద పొగాచర్ 59 సెకన్ల ఆధిక్యంలోకి వెళ్లాడు. బావమరిది ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి పీచు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"టూర్‌లో రెండు రెస్ట్ డేలు కూడా ఉంటాయి కదరా," అన్నాను.

"అవి 21లోకి రావు బావగారూ."

మూడు వారాల్లో వాడు నేర్చుకున్నది అదొక్కటే.

2023లో ఇటలీ మూడు వారాల రేసు జిరో డి ఇటాలియాలో మళ్లీ 20వ స్టేజీ, మళ్లీ కొండ మీద టైమ్ ట్రయల్. ఈసారి రోగ్లిచ్ 26 సెకన్లు వెనక, గెరెంట్ థామస్ ముందు. నాకు బుద్ధొచ్చింది కదా, థామస్ అన్నాను. బావమరిది రోగ్లిచ్ అన్నాడు. షరతు పాతదే. మోంటే లుస్సారి ఎక్కుతుండగా రోగ్లిచ్ చైన్ ఊడింది! నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. అతను దిగి, చైన్ వేసుకుని, మళ్లీ ఎక్కి, థామస్ కంటే 40 సెకన్లు ముందు పైకి చేరాడు. తేడా 14 సెకన్లు.

పక్కకి చూస్తే బావమరిది లేడు. వంటింట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినిపించింది.