ఆరోగ్యశ్రీ బకాయి గారికి తెల్లకార్డు మనవి

ఆరోగ్యశ్రీ పథకం కింద పేదలకు చేసిన ఉచిత వైద్యానికి సర్కారు ఆసుపత్రులకు కట్టాల్సిన బకాయి గారికి నమస్కారాలు.

మీరు క్షేమమని పేపర్లో చూసి తెలుసుకున్నాం. క్షేమమేమిటి, బాగా ఒళ్లు చేశారు. 2025 సెప్టెంబరులో తెలంగాణ ఆసుపత్రుల వాళ్లు మీరు రూ.1,300 కోట్ల పైమాటే అన్నారు. అక్టోబరులో ఆంధ్రా ఆసుపత్రుల సంఘం రూ.2,700 కోట్లని లెక్క చెప్పింది. రెండుచోట్లా సేవలు ఆపేశారు కూడా.

2007లో రాజశేఖర రెడ్డి గారి హయాంలో ఈ పథకం పుట్టింది. తర్వాత రాష్ట్రం రెండైంది. ఆంధ్రాలో పథకానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు, తీసి వైఎస్సార్ అన్నారు, మళ్లీ ఎన్టీఆర్ అన్నారు. (ఇన్ని బోర్డులు రాసిన పెయింటర్లకైనా డబ్బులు అందాయో లేదో!) మీ పేరు మాత్రం ఏ పార్టీ మార్చలేదు.

మీలో నాకు నచ్చింది మీ నెమ్మదితనం. బడ్జెట్లో కోత పెడితే అసెంబ్లీలో గోల, టీవీల్లో చర్చలు. మీరుండగా ఆ టెన్షన్ ఎందుకు? 2023 డిసెంబరులో తెలంగాణ ఏడాదికిచ్చే ఉచిత వైద్యం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలు చేసింది. అదే నెలలో ఆంధ్రా 25 లక్షలంది. పరిమితి పెరుగుతుంది, పాలాభిషేకాలు జరుగుతాయి, డబ్బు మాత్రం ఖజానా గడప దాటదు. కోత అన్న మాట ఎవరి నోటా రాకుండానే కోత పడిపోతుంది.

పడేది మా మీదే. ఆసుపత్రి వాళ్లు మొహమాటస్తులు, మీ పేరెత్తరు. "బెడ్లు ఖాళీ లేవండి" అంటారు. "ఆ డాక్టరు గారు సెలవులో ఉన్నారు" అంటారు. కాస్త తెలిసినవాళ్లయితే పక్కకు పిలిచి, "క్యాష్ అయితే సాయంత్రమే చేసేస్తాం" అంటారు. వాళ్లనీ ఏమంటాం? పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఓ ఏడాది ఓర్చుకుంటుంది. టౌన్లో చిన్న నర్సింగ్‌హోం నర్సులకి జీతాలెక్కడి నుంచి తెస్తుంది? మోకాలి ఆపరేషనంటే వచ్చే నెలకి వాయిదా వేసుకోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కావలసినవాడు దేన్ని వాయిదా వేసుకోవాలి?

సర్కారు పెద్దాసుపత్రికి పొమ్మంటారు. పోతాం. అక్కడ మంచానికి ఇద్దరు, స్కానింగ్‌కి క్యూ.

చిన్న కోరిక. మీరు ఏ నెలలో కాస్త తగ్గుతారో ముందే చెబితే గుండెపోట్లు, కిడ్నీ రాళ్లు ఆ నెలకి సర్దుకుంటాం. మార్చిలో ఎలాగూ రావద్దంటాం, ఆర్థిక సంవత్సరం చివర కదా, మీకు పని ఎక్కువ.

ఇట్లు,
కాగితం మీద ఏడాదికి 25 లక్షల వైద్యం బాకీ ఉన్న
తెల్లకార్డుదారు