ప్రేమ బరువు 45 టన్నులు

ప్రేమను కొలవలేమని కవులు ఎన్నాళ్లుగానో దబాయిస్తున్నారు. అది అబద్ధం. 2015లో పారిస్ నగరపాలకులు ప్రేమను తూకం వేశారు. సుమారు 45 టన్నులు తేలింది.

అక్కడ సీన్ నది మీద పాంట్ దెజార్ అనే నడక వంతెన ఉంది. జంటలు వచ్చి తాళంకప్ప మీద పేర్లు రాసి, రెయిలింగ్‌కు బిగించి, తాళంచెవిని నదిలో పారేసేవారు. ఒకరి మీద ఒకరికి పూర్తి నమ్మకం ఉన్నవాళ్లే సుమా, అయినా తాళం వేశారు. కాస్త ముందుచూపున్న వాళ్లు నంబర్ లాక్ పెట్టి ఉంటారని నా అనుమానం. 2014 జూన్‌లో ఆ బరువు మోయలేక రెయిలింగ్ ఒకచోట ఊడిపడింది. మరుసటి ఏడాది తాళాలన్నీ పీకించి గాజు పలకలు పెట్టారు. గాజుకి తాళం పట్టదు కదా. 2017లో ఆ తాళాల్లో కొన్నింటిని వేలం వేసి, వచ్చిన డబ్బును శరణార్థులకు సాయపడే సంస్థలకు ఇచ్చారు. అంతటి ప్రేమలో పరాయివాడికి అక్కరకొచ్చింది తుక్కు మాత్రమేనని కొందరంటారు. ఆ విమర్శను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

అసలు ఈ అవస్థంతా రుజువు కోసం. ప్రేమ కంటికి కనిపించదు కాబట్టి కనిపించేదేదో ఒకటి చూపించాలి. శివుడి మూడో కన్నుకి బూడిదైన మన్మథుడు ఒళ్లు లేకుండానే తిరుగుతున్నాడు. రోమన్ల క్యూపిడ్‌కి ఒళ్లుంది గానీ చిత్రకారులు తరచూ కళ్లకు గంతలు కట్టేశారు. ఒకడు కనపడడు, ఇంకొకడికి కనపడదు. ఇద్దరి చేతుల్లోనూ బాణాలు! ఇలాంటివాళ్లు నడిపే శాఖలో కాగితాలైనా సరిగ్గా ఉండాలని జనం కోరుకోవడం అత్యాశేమీ కాదు.

ఆ లెక్కన ఉంగరం పకడ్బందీ పత్రం. నాలుగో వేలి నుంచి గుండెకు తిన్నగా ఒక నరం వెళ్తుందని పూర్వం పాశ్చాత్యులు నమ్మేవారు, అందుకే ఆ వేలికి తొడిగారు. తీరా చూస్తే అలాంటి ప్రత్యేక నరమేదీ లేదు, అన్ని వేళ్లకూ ఒకటే ఏర్పాటు. ఉంగరం మాత్రం వేలు మారలేదు. కొన్నాక ఎవరు మారుస్తారు? అందులో వజ్రం పొదగాలన్న పట్టుదల ఇంకా ఈమధ్యది. వజ్రం శాశ్వతమంటూ డి బీర్స్ కంపెనీకి 1947లో ప్రకటన రాసిపెట్టింది ఫ్రాన్సెస్ గెరెటీ. ఆవిడ జీవితంలో పెళ్లి చేసుకోలేదు. లోపలి సంగతి తెలిసినవాళ్లు దూరంగా ఉండటం ఏ వృత్తిలోనైనా ఉన్నదే. 1980ల్లో అదే కంపెనీ ప్రకటనలు ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టడం సబబేనని అమెరికన్లకు నచ్చజెప్పాయి. కోతలకు ముందు జీతమా, చేతికొచ్చే జీతమా అన్నది తేల్చలేదు. ఇంత ముఖ్యమైన చోట ఆ అస్పష్టత ఎంతమంది కుర్రాళ్లకు టెన్షన్ తెచ్చిపెట్టిందో!

సలహా కావాలంటే ఇటలీలో వెరోనా ఉంది. జూలియెట్ పేరిట అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచీ ఉత్తరాలు వస్తాయి, స్వచ్ఛంద సేవకులు జవాబులు రాస్తారు. షేక్‌స్పియర్ రాసిన రోమియో జూలియెట్ నాటకంలో ఆ పిల్లకు 14 ఏళ్లు కూడా నిండలేదు. ప్రేమలో పడి వారం తిరక్కుండానే ఇద్దరూ పోయారు. అనుభవం తక్కువే, ఒప్పుకుంటాను. కాకపోతే ఆ కాపురంలో ఒక్క గొడవ జరిగిన దాఖలా లేదు.

లెక్కలు పద్ధతిగా నడిపేది జపాన్ వాళ్లే. ఫిబ్రవరి 14న ఆడవాళ్లు చాక్లెట్లు ఇస్తారు. నచ్చినవాడికి ఇచ్చేది వేరు, ఆఫీసులో మొహమాటానికి ఇచ్చేది వేరు, రెంటికీ వేర్వేరు పేర్లు. పుచ్చుకున్న మగవాళ్లు మార్చి 14న బదులు తీర్చాలి. నెల రోజుల గడువన్నమాట. ఈ గడువు పెట్టింది మిఠాయి వ్యాపారులే కాబట్టి ఇందులో స్వార్థముందని అనుమానించడం మర్యాద కాదు. దక్షిణ కొరియా ఇంకో అడుగు ముందుకేసింది. రెండు తేదీల్లోనూ ఏమీ అందనివాళ్లు ఏప్రిల్ 14న నల్లటి సాస్ కలిపిన నూడుల్స్ తింటారు. బిల్లు ఎవరిది వాళ్లే కట్టుకోవాలి మరి.