'అర్థమైందా?' అని అడగడం మానెయ్యండి డాక్టర్ గారూ

హైదరాబాద్‌లో ఏ ఓపీ గది ముందైనా ఒక అరగంట నిలబడండి. గాంధీ, ఉస్మానియా కానీ, అద్దాల కార్పొరేట్ ఆస్పత్రి కానీ, చివర్లో లోపల్నుంచి వినపడే మాట ఒకటే: "అర్థమైందా?" జవాబూ ఒకటే: "ఆ సార్." అదే మనిషి కాసేపటికి మెడికల్ షాపు కౌంటర్ దగ్గర "భయ్యా, ఇది తినకముందా, తిన్నంకనా?" అని అడుగుతుంటాడు. షాపు కుర్రాడు స్ట్రిప్పు కత్తిరించి, కవరు మీద పెన్నుతో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు గీసి ఇస్తాడు. మందు ఎలా వేసుకోవాలో చెప్పే పని మన ఊళ్ళో చాలావరకు ఆ కుర్రాడి నెత్తిన పడింది. కత్తిరించిన ముక్కలో ఎక్స్‌పైరీ తేదీ మిగిలిందా లేదా అన్నది ఇంకో గొడవ.

డాక్టర్ల తీరు గురించి మాటొస్తే చాలు, నవ్వి పలకరించారా, కసిరారా అన్న దగ్గరే ఆగిపోతాం. కసిరినా విడమరిచి చెప్పే డాక్టర్‌తో రోగికి నష్టం తక్కువ. తియ్యగా మాట్లాడి, ఏమీ చెప్పకుండా చీటీ చేతిలో పెట్టేవాళ్ళతోనే నాకు భయం.

మెథోట్రెక్సేట్ సంగతే చూడండి. కీళ్ళవాతానికి ఇచ్చే ఈ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మన ఇళ్ళల్లో మాత్ర అంటే రోజూ వేసుకునేదే కదా, చీటీలో "వీక్లీ" అన్న ముక్క ఎవరికీ ఆనదు. రోజూ మింగితే నోరంతా పుళ్ళు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకొస్తుంది. చేయాల్సింది చిన్న పని. చీటీ మీద తెలుగులో "ఆదివారం మాత్రమే" అని రాసి, దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ ఏ రోజో కూడా పక్కనే రాసి, పేషెంట్ చేత పైకి చదివించాలి.

ఇన్సులిన్ ఇంకా మోసం. మన దగ్గర మామూలు బుడ్డీలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. ఇన్సులిన్ పెన్నులో పెట్టే కార్ట్రిడ్జిలో (మందు గొట్టంలో) మిల్లీలీటరుకు 100. నారింజ మూత సిరంజి ఆ 100 లెక్కకు చేసింది. షాపులో ఎర్ర మూతది అయిపోయి నారింజది చేతిలో పెట్టారనుకోండి. 40 బుడ్డీలోంచి 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, "మీరు స్వీట్లు తింటున్నారు" అని పెద్దావిడకు చివాట్లు. తిరగేసి జరిగితే మరీ ఘోరం: పెన్ను పాడైందని కార్ట్రిడ్జి లోంచి ఎర్ర సిరంజితో 20 గీతకు లాగితే 50 యూనిట్లు పోతాయి. తెల్లారేసరికి ఆమె లేవకపోవచ్చు. "రాత్రి 20 యూనిట్లు" అని చెప్పేస్తే సరిపోదు. సిరంజి ఆమె చేతికిచ్చి లాగించి, గీత ఎక్కడ ఆగిందో కళ్ళతో చూడాలి.

"అర్థమైందా?" అంటే కాలేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? వెనక లైనుంది, అటెండర్ తలుపు పట్టుకుని తర్వాతి పేరు పిలుస్తున్నాడు, పైగా చదువురాదనుకుంటారని సిగ్గు. అందుకే ప్రశ్న తిప్పి అడగాలి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. ఇంటికెళ్ళాక ఈ మందుల గురించి మీ కోడలికి ఏం చెప్తారు?" తప్పు చెప్తే ఆ తప్పు డాక్టర్‌ది. ఆ ఒక్క ముక్క వేరే మాటల్లో చెప్పి, మళ్ళీ అడగాలి. దీన్ని టీచ్-బ్యాక్ అంటారు, డాక్టరుకు కుదరకపోతే నర్సు చేసినా చాలు. పక్కన కూర్చున్న కొడుకుతో ఇంగ్లీషులో అంతా మాట్లాడేసి, మందు మింగాల్సిన మనిషి వంక చూడకుండా పంపడం మాత్రం చెప్పడం కిందకు రాదు.

చెప్పడానికి ముందు వినాలి కూడా. రోగి మాట మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నాడని 1984లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. అడ్డుపడకపోతే ఎంతసేపు చెప్తారు? 2002లో స్విట్జర్లాండ్‌లో లెక్కపెడితే సగటున 92 సెకన్లు, అంతే. మన దగ్గర ఆ నిమిషంన్నర ఇంకా ముఖ్యం. "పానం బాగలేదు", "దమ్ము వస్తుంది", "చక్కర్ వస్తుంది", "గ్యాస్ పట్టింది": ఒక్కో మాట వెనక నాలుగు జబ్బులుంటాయి. షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటు నొప్పి లేకుండా వట్టి గ్యాస్‌లాగా కూడా రావచ్చు. నడిస్తే ఎక్కువవుతుందా, చెమట పట్టిందా అని అడగకుండా గ్యాస్ మాత్ర రాస్తే ఏమవుతుందో డాక్టర్లకు నేను చెప్పాలా?

ఆపరేషన్ సంతకాల తంతు సరేసరి. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక ఇంగ్లీషు ఫారం చేతికిచ్చి "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించడం సమ్మతి కాదు. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతితో గర్భసంచి తీసేయడం కుదరదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది.

"ఓపీలో వందమంది ఉంటే ఇదంతా ఎక్కడ కుదురుతుంది?" అంటారు. రద్దీ నిజమే, కాదనను. కానీ చెప్పని ఆ నిమిషం ఎక్కడికీ పోదు, మరో విజిట్‌గా తిరిగొస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని, టిఫిన్‌కు కనీసం అరగంట ఆగాలి. దానికీ కాల్షియం, ఐరన్ మాత్రలకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. చాలామంది పొద్దున్నే టీతోపాటు అన్నీ ఒకే గుక్కలో మింగేస్తారు. మందు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష అంకె, టీఎస్‌హెచ్, దిగదు. డోసు 50 మైక్రోగ్రాముల నుంచి 75 అవుతుంది, మళ్ళీ రక్తపరీక్ష, మళ్ళీ ఓపీ చీటీ, 75 కాస్తా 100 అవుతుంది. మూడుసార్లు వచ్చినా "దేంతో వేసుకుంటున్నారమ్మా?" అని అడిగినవాళ్ళు ఉండరు.