సవరణ: హిమోగ్లోబిన్ బాగుంటే చాలదు
పెళ్లికి ముందు రక్తపరీక్షల గురించి రాస్తూ, హిమోగ్లోబిన్ 12 దాటితే తలసేమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తహీనత జబ్బు) భయం లేదన్నాం. అది తప్పు. వాహకుల్లో, అంటే జబ్బు లేకున్నా దాని జన్యువు మోసేవాళ్లలో, హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండొచ్చు. సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష)లో ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) 80 కంటే, ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలో సగటున ఉండే హిమోగ్లోబిన్) 27 కంటే తగ్గాయేమో చూడండి. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడివిడిగా కొలిచే పరీక్ష) కూడా తప్పదు: అందులో హెచ్‌బీ ఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్) 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసేమియా వాహకులే. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె తగ్గి అసలు సంగతి దాగిపోవచ్చు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే పరీక్ష) చూసి, లోపం సరిచేసి మళ్లీ ఈ పరీక్ష చేయించాలి. రక్తం ఎక్కించుకున్నవారు ఈ పరీక్షకు 3 నెలలు ఆగాలి.

కోనసీమలో, భీమవరం వైపు మేనరికం అనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. బావామరదళ్లిద్దరికీ ఒకే తాత నుంచి ఒకే జన్యు లోపం వచ్చి ఉండొచ్చు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒక్కరే అయితే సంబంధం వదులుకోనక్కర్లేదు.