పక్కకు నెట్టిన కుప్ప దగ్గరే పాఠం

చెత్త ఎక్కడికి పోతుందో, ఏమవుతుందో చూపించడానికి విద్యార్థులను రీసైక్లింగ్ కేంద్రాలకు తీసుకెళ్లే పాఠశాలలు అభినందనీయమైన పనే చేస్తున్నాయి. అయితే శుభ్రంగా కట్టి పేర్చిన సీసాల బేళ్ల ముందు గ్రూప్ ఫొటో దిగి తిరిగొస్తే ఆ పర్యటన సగంలో ఆగినట్టే. పనికిరాదని పక్కకు నెట్టేసిన కుప్పను పిల్లలకు ముందుగా చూపించాలన్నది మా అభిప్రాయం.

యంత్రాల పనితనం ముచ్చటగానే ఉంటుంది. ఇనుమును అయస్కాంతం లాగేసుకుంటుంది. ముక్కలు చేసిన సీసాలను నీటితొట్టిలో పోస్తే, సీసాకు వాడే పెట్ ప్లాస్టిక్ అడుగుకు చేరుతుంది, మూతకు వాడే పాలిథిలిన్ పైకి తేలుతుంది. ఒకే సీసాలో రెండు రకాల ప్లాస్టిక్ ఉందని పుస్తకంలో చదివి మరిచిపోయే పిల్లలు, కళ్లముందు ఆ ముక్కలు విడిపోవడం చూస్తే అంత తేలిగ్గా మరిచిపోరు. కానీ నూనె ఇంకిన కాగితాన్ని, ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం పూత అతుక్కుపోయిన చిరుతిండి ప్యాకెట్‌ను మామూలు కేంద్రాల్లో ఏ యంత్రమూ విడదీయలేదు. పక్కన కుప్పపడేవి అవే. (పర్యటనకు వెళ్లే బస్సులో పిల్లలకు పంచేదీ తరచూ ఆ ప్యాకెట్లనే.)

రీసైక్లింగ్ అన్నిటికీ విరుగుడన్న భ్రమ కూడా అక్కడే తొలగాలి. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడుకుంటే, ఖనిజం నుంచి తీయడానికయ్యే శక్తిలో దాదాపు 95 శాతం మిగులుతుంది, గాజునూ మళ్లీ మళ్లీ కరిగించవచ్చు. కాగితం అలా కాదు, రీసైకిల్ చేసిన ప్రతిసారీ దాని నారపోగులు పొట్టివవుతాయి. తడి చెత్త గాలి తగలకుండా పూడుకుపోతే మీథేన్ పుడుతుంది, అదే చెత్త గాలి ఆడేలా తిరగేస్తే ఎరువవుతుంది.

నిర్వాహకుల ప్రసంగం కన్నా, బెల్టు దగ్గర నిలబడి చెత్త ఏరే కార్మికులు చెప్పే నాలుగు మాటలు విలువైనవి. పగిలిన గాజు, వాడిపారేసిన సూదులు తమ చేతుల్లోకి ఎలా వస్తాయో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

తిరిగొచ్చిన మర్నాడు పాఠశాల చెత్తబుట్టలను బోర్లించి, తడి, పొడి, దేనికీ పనికిరానివి వేర్వేరుగా తూచి, ఆ లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఉపాధ్యాయుల గదిలోని బుట్టకు మినహాయింపు ఉండకూడదు.